ఈ రేవుల ఎవరెవరు దిగుతరు?

మా అన్న మనవరాలు మార్త ఈమధ్య ఉద్యోగంలో చేరింది. యూరప్‌లో ఏదో నది మీద ఓడలో మనవాళ్లను తిప్పే కంపెనీ అట. ఓడ రోజుకో రేవులో ఆగుతుంది. ప్రతి రేవులోనూ నాలుగైదు షికార్లు ఉంటాయి. కోట చూసేవాళ్లు కోటకు, సంత చూసేవాళ్లు సంతకు, ఏదీ వద్దనుకున్నవాళ్లు ఓడలోనే. ఎవరికి ఏది సరిపోతుందో చెప్పి, వాళ్లను ఎంచుకోనివ్వడం మార్త పని. "తాతా, నువ్వు గూడ గిదే పని జేసినవట గద, నాకేమన్న జెప్పు" అంది. ఫోనులో చెబితే సగం వింటుంది, సగం వినదు. అందుకే రాస్తున్నాను. ఆమెతోపాటు ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు.

మాకు ఓడ లేదు, లాంచి ఉండేది. యూరప్ లేదు, గోదావరి ఉండేది. మనుషులు మాత్రం ఎక్కడైనా మనుషులే కదా.

పని అసలు ఏమిటి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో నిజామాబాద్ స్టేషన్ ఎదురు సందులో ఒక యాత్రల కంపెనీలో చేరాను. కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు, ఒక బెంచీ, గోడ మీద కాశీ బొమ్మ, దాని కింద మా సేటు. మా బాపు మెథడిస్టు చర్చిలో గంట కొట్టేవాడు. నా పేరు దేవదాసు. "ఏసయ్య బిడ్డ ఎంకన్న గుడికి తోవ జూపుతడట, కలికాలం గాదా!" అని మొదట్లో జనం నవ్వేవాళ్లు. "తోవ జూపనీకి మతమెందుకే, కాళ్లుంటే సాలు" అని నేనూ అనేవాణ్ని. నోటి దురుసు నాకు చిన్నప్పటినుంచే ఉంది. ముసలితనంలో పోతుందన్నారు, ఇంకా పోలేదు.

రైల్లో రాజమండ్రి దాకా పోయేవాళ్లం. అక్కడ లాంచి ఎక్కి, గోదావరి ప్రవాహానికి ఎదురుగా, పాపికొండల నడుమ నుంచి భద్రాచలం చేరేవాళ్లం. భద్రాచలం అందరికీ. దారిలో వచ్చే గుళ్లూ గుట్టలూ మాత్రం ఇష్టమున్నవాళ్లకే. వాటిని మేం విడి దర్శనాలు అనేవాళ్లం. లాంచి గట్టుకు ఆనగానే బల్లచెక్క వేస్తారు. నేను ఆ చెక్క దగ్గర నిలబడి "ఈ రేవుల ఎవరెవరు దిగుతరు?" అని కేకేయాలి. మార్తా, నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నే.

ప్రశ్న చిన్నదే. చిక్కేమిటంటే దానికి జవాబు ఒక్కడే చెప్పేవాడు. ఒక ఊరినుంచి ఒక జట్టు వస్తుంది, జట్టుకు ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆయన "దిగుతం" అంటే కాళ్లు లేనివాడు కూడా దిగుతాడు. ఆయన "దిగం" అంటే మొక్కు ఉన్నవాళ్లు కూడా లాంచిలోనే కూర్చుని గుట్టకు అక్కణ్నుంచే దండం పెడతారు. నలుగురితో నారాయణ, గుంపులో గోవింద. ఇష్టం అనే మాట మా కాగితాల మీద ఉండేది, మనుషుల నోట్లో ఉండేది కాదు.

భీమ్‌గల్ నుంచి వచ్చేవాళ్లకు ఇంకో జబ్బు ఉండేది. ఏ గుట్ట చూసినా "మా లింబాద్రి గుట్ట ముంగట గిదెంత?" అనేవాళ్లు. అట్లా అన్న ఒక పెద్దాయన్ని సగం మెట్లనుంచి మంచం మీద మోసుకొచ్చాం. దారంతా మంచం మీద పడుకుని "మా గుట్టకు మెట్లు మంచిగుంటయ్, గియి సక్కగ లెవ్వు" అని నన్నే తిట్టాడు. మరుసటి రేవులో మళ్లీ లేచి పంచె ఎగగట్టాడు. అప్పటినుంచి నేను గుట్ట ఎంత ఎత్తో చెప్పడం మానేశాను. "పెద్దయ్యా, నువ్వు లింబాద్రి గుట్ట ఎక్కి ఎన్నేండ్లయింది?" అని అడిగేవాణ్ని. జవాబు చెప్పేలోపే ఆయనకే అర్థమయ్యేది.

మోర్తాడ్ పసుపు రైతులైతే గుడి సంగతే ఎత్తేవాళ్లు కాదు. ఒక రేవులో దిగి నేరుగా ఎవరిదో పసుపు చేనులోకి నడిచారు. ఆ చేను ఆసామీ కర్ర పట్టుకొచ్చాడు, కాసేపటికి కర్ర కింద పడేసి విత్తనపు కొమ్ముల గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. లాంచి కూత వేసి వేసి గొంతు పోయింది. వాళ్లు తువ్వాలలో పసుపు కొమ్ములు కట్టుకుని నవ్వుకుంటూ వచ్చారు. వాళ్ల దర్శనం అదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు మార్తా. కోట చూడను, బజార్లో ఉల్లిగడ్డలు చూస్తానని ఎవరైనా అంటే పోనివ్వు.

మా సేటు

మా సేటు చెడ్డవాడు కాదు. అట్లాగని గొప్పవాడని కూడా చెప్పలేను. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేవాడు. జనం ఆయన చుట్టూ మూగేవాళ్లు. ఆయనకు రెండు సూత్రాలు. మొదటిది, "జనాన్ని అడుగుకుంట కూసోవద్దు, నడిపియ్యాలె." అది తప్పని నాకు అప్పుడే అనిపించేది. ఆ మాట పైకి అంటే తిట్టేవాడు.

రెండోది బంగారం లాంటి సూత్రం. "మనిషి అబద్ధమాడ్తడు గని చెప్పు అబద్ధమాడదు" అనేవాడు. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తారు కదా, నన్ను ఆ చెప్పుల దగ్గర కూర్చోబెట్టేవాడు. నేను ఎట్లాగూ గర్భగుడిలోకి పోయేవాణ్ని కాదు. ఎవరి చెప్పులు ఎట్లా ఉంటాయో చూసి గుర్తుపెట్టుకోవాలి. మడమ వైపు అరిగినవి ఎవరివి, తెగిన పట్టీని తాడుతో కట్టుకున్నవి ఎవరివి అని. చెప్పులు ఉన్నాయంటే మనిషి ఇంకా పైనే ఉన్నట్టు. చెప్పులు పోయాయంటే దిగినట్టు. లాంచిలో లెక్క తిరగబడుతుంది. లాంచిలోకి రాగానే బల్లచెక్క పక్కన వరుసగా చెప్పులు విడవాలి. వరుసలో చెప్పులు ఉన్నాయంటే మనిషి లోపల ఉన్నట్టు.

ఈ పద్ధతి మమ్మల్ని ఎన్నోసార్లు కాపాడింది. ఒకసారి మాత్రం ఒక తల్లిని అడవిలో వదిలేసి లాంచి కదిలేంత పని చేసింది. అదే చెప్పబోతున్నాను.

బోధన్ జట్టు

బోధన్ వైపు చెరుకు ఆడే కాలంలో ఎవరికీ తల గోక్కునే తీరిక ఉండదు. చెరుకు ఆడటం ముగిసి, వానలు మొదలయ్యాకే ఫ్యాక్టరీ మనుషులకు యాత్రలు గుర్తొస్తాయి. గోదావరి సంగతి చూస్తే, ఎండాకాలం నీళ్లు చాలక లాంచి భద్రాచలం దాకా పోదు. వానలు ముదిరితే నీళ్లెక్కువై పోదు. మధ్యలో ఉన్న కొద్ది రోజుల్లోనే వీళ్లను తీసుకుపోవాలి. ప్రతిసారీ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే పోయేవాణ్ని. ఆసారి సేటు కూడా మాతో వచ్చాడు.

జట్టు పెద్దమనిషి పోశెట్టి. బాయిలర్ దగ్గర మేస్త్రి. మోతలో మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైంది, పక్కన కూర్చుని మాట్లాడినా ఆవలి గట్టుకు వినిపించేది. మంచి మనిషి. అంతకుముందు వానాకాలం టైఫాయిడ్ వచ్చి చావు దాకా పోయి బతికాడు. వెంట తల్లి రాజవ్వ, భార్య గంగామణి ఉన్నారు. రాజవ్వకు దమ్ము జబ్బు, అంటే ఉబ్బసం. నాలుగు మాటలు మాట్లాడితే ఆగి ఊపిరి తీసుకోవాలి. యాత్రకని కొడుకు ఆమెకు కొత్త తోలు చెప్పులు కొన్నాడు, వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. ఆమె వాటిని చేతిలో పట్టుకునే నడిచేది. "తొడుగవేందే అవ్వ?" అంటే "కొత్తయి గద బిడ్డా, కరుస్తున్నయ్" అనేది. లాంచి ఎక్కగానే అందరితోపాటు తనవీ వరుసలో పెట్టింది.

ఆ రేవు పేరు రాయను. అక్కడివాళ్లు మంచివాళ్లు, వాళ్ల ఊరికి చెడ్డపేరు ఎందుకు. రేవు దాటితే చిన్న పల్లె, పల్లె దాటితే ఒక వాగు, వాగు దాటితే గుట్ట మీద అమ్మవారు. పొద్దున వాగులో నీళ్లు పాదం తడిసేంతే ఉన్నాయి.

నేను కేకేశాను. "ఈ రేవుల ఎవరెవరు దిగుతరు?"

"అందరం దిగుతం" అన్నాడు పోశెట్టి. "అవ్వ మాత్రం లాంచిల్నే ఉంటది. ఆమెకు గుట్ట పడదు."

రాజవ్వ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. నేను చూశాను. "అవ్వా, నువ్వేమంటవే?" అన్నాను.

సేటు ఆకాశం చూసి నా భుజం తట్టాడు. "దాసూ, మొగులైతున్నది. జల్ది నడిపియ్యి. ఇంట్ల మనిషి జెప్పిండు గద, ఇగ ఆమెనేం అడుగుతవ్?"

నేను జట్టును తీసుకుని ముందుకు నడిచాను. సేటు లాంచి దగ్గరే ఉండిపోయాడు. ఆమె ఎప్పుడు దిగిందో ఆయన చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు, ఆమె చెప్పులు కళ్లముందే ఉన్నాయి మరి.

శుభ్రంగా ఉన్న చెప్పు

దర్శనం బాగా అయింది. దిగేటప్పుడు మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు. పైన కొండల మీద మాత్రం ఆకాశం నల్లగా కమ్మి ఉంది. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు ఎర్రబడ్డాయి. ముందు దాటినవాళ్లకు మోకాళ్ల కింద ఉన్న నీళ్లు, వెనక దాటినవాళ్లకు తొడల దాకా వచ్చాయి. చివరివాళ్లను చేతులు గొలుసుగా పట్టుకుని దాటించేసరికి పొద్దు వాలింది. గట్టెక్కి వెనక్కి చూస్తే మేం అడుగులు వేసిన రాళ్లు కనబడలేదు.

లాంచి దగ్గర సరంగు కంగారు పడుతున్నాడు. సరంగు అంటే లాంచి నడిపేవాడు, రాజమండ్రి మనిషి. "నీరు ఎగదన్నుతోందండీ! ఇక్కడ ఒడ్డు నిట్టనిలువుగా ఉంది, తాడు ఆగదు. చీకటి పడకుండా ఎదర వంపులోకి పోయి కట్టుకోవాలండీ" అని అరుస్తున్నాడు. జనం లోపలికి ఎక్కి చెప్పులు విడిచారు. సేటు వరుస చూశాడు. చివర్లో రాజవ్వ చెప్పులు ఉన్నాయి. "అందరొచ్చిండ్రు, ఇప్పుండ్రి తాడు" అన్నాడు.

అంతలో గంగామణి లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. అత్తకు మందు ఇద్దామని వేడినీళ్లు పట్టుకుపోయింది. "అత్త లేదు" అంది.

"యాడికి పోతది? ఆడోళ్ల దిక్కు పండుకుని ఉంటది" అన్నాడు పోశెట్టి.

"అంత దేవులాడిన. లేదు."

"అరే, చెప్పులున్నయి గద!" అన్నాడు సేటు.

నేను వంగి ఒక చెప్పు చేతిలోకి తీసుకున్నాను. తిప్పి చూశాను. అడుగున మట్టి లేదు. ముందురోజు మేం అందరం బురదలో నడిచాం, వాగులో తడిసినా వరుసలో ఉన్న చెప్పులన్నిటి కుట్లలో ఆ బురద ఇంకా పట్టుకునే ఉంది. ఇది మాత్రం దుకాణంలోంచి ఇప్పుడే తెచ్చినట్టు ఉంది.

"గంగామణీ, మీ అత్త ఈ చెప్పులు ఎప్పుడన్న తొడిగిందా?"

ఆమె మొగుడి ముఖం చూసింది, నా ముఖం చూసింది, ఏడుపు మొదలుపెట్టింది. "ఇల్లు దాటినకాడికెల్లి తొడుగలే అన్న. నిరుడు ఈయన జరంల ఉన్నప్పుడు మొక్కింది. దవాఖానల పక్క మంచపామె గీ గుట్ట మీది అమ్మ సంగతి జెప్పిందట. కొడుకు లేస్తే వట్టి కాళ్లతోని వచ్చి ఒడిబియ్యం పోస్తనన్నది. మొక్కు బయటపెడ్తే ఫలం పోతదని నాతోని ఒట్టు ఏయించుకుంది."

పోశెట్టి ఆమె మీదికి లేచాడు. "నాకెందుకు జెప్పలే? నాకు!"

"నువ్వు అడిగినవా?" అంది గంగామణి. ఏడుస్తూనే అంది, గట్టిగానే అంది. "నన్నడిగినవా, ఆమెనడిగినవా? అందరి తరపున నువ్వే జెప్తివి గద!"

తాడు కిర్రుమంటోంది. సరంగు చేతులు జోడించాడు. "బాబూ, తిట్టుకుంటారో కొట్టుకుంటారో, త్వరగా తేల్చండి. ఇంతమంది ప్రాణాలండీ."

సరంగు మాటలో న్యాయం ఉంది. ఒక మనిషి కోసం అందరినీ పెట్టుకుని అక్కడ నిలబడలేం. అందరి కోసం ఆ ఒక్క మనిషినీ వదల్లేం. "లాంచిని తీస్కపో. మేం ముగ్గురం దిగుతం. పొద్దుగాల వచ్చి ఎక్కించుకో" అన్నాను. పోశెట్టి అప్పటికే గట్టు మీదికి దూకాడు. గంగామణి మందు పొట్లాలు కొంగున కట్టుకుంది. చినుకులు మొదలయ్యాయి, సేటు తన గొడుగు నా చేతిలో పెట్టాడు.

"దాసూ, నేను చెప్పులు జూసిన. మనిషిని జూడలే" అన్నాడు.

ఆ క్షణంలో ఆయన మీద నాకు కోపం రాలేదు. పోశెట్టి వెనక్కి తిరిగొచ్చి తల్లి చెప్పులు తీసుకున్నాడు, తువ్వాలలో చుట్టి అంగీలో పెట్టుకున్నాడు.

వాగు

పల్లెలో ఒక ఇంటామె మాకు ఎదురొచ్చింది. "ముసలమ్మ కోసమేనా? పొద్దున వాగు దాటి అవతల మా చెల్లి ఇంట్లో కూర్చుందట, చెల్లే కేకేసి చెప్పింది. మీరంతా గుట్ట దిగి వెళ్లాక మెల్లగా పైకి పోయిందట. ఇప్పుడే అవతలి ఒడ్డుకి వచ్చింది చూడండి" అంది. కొడుకు కంటబడకుండా మొక్కు తీర్చుకోవాలని అట్లా దాక్కుందన్నమాట.

అవతలి ఒడ్డున రాజవ్వ నిలబడి ఉంది. నుదుటి నిండా కుంకుమ. పక్కన గుట్ట మీది పూజారి ఉన్నాడు, ఆ పల్లెవాడే. మాకూ ఆమెకూ మధ్య వాగు. చెట్ల కొమ్మలు కొట్టుకుపోతున్నాయి. ఆ మోతలో ఆమెకు అరిచే ఊపిరి లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి దమ్ము తీసుకుంటోంది. భుజాలు ఎగిరెగిరి పడటం ఇక్కడికే కనబడుతోంది.

"అవ్వా!" అని పోశెట్టి నీళ్లలోకి దిగాడు. ఈత రాదు. బాయిలర్ ముందు బతికినవాడికి ఈత ఎక్కడిది? నేనూ ఊరివాళ్లిద్దరూ అంగీ పట్టుకుని లాగాం. లాగితే ఆగే మనిషి కాదు. "ఇడువుండ్రి నన్ను! సచ్చిపోతది!" అని మమ్మల్ని విదిలించి ఇంకో అడుగు వేశాడు.

అప్పుడు అవతల రాజవ్వ లేచి నిలబడింది. నీళ్లలో ఒక కాలు పెట్టింది.

పోశెట్టి బిగుసుకుపోయాడు. "వద్దవ్వా!" అన్నాడు. ఆమె ఇంకో కాలు కూడా పెట్టింది. పూజారి ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఆమె ఆయన వైపు చూడలేదు. కొడుకు వైపే చూస్తోంది. పోశెట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె కూడా ఒక కాలు వెనక్కి తీసింది. అతను గట్టు మీదికి వచ్చి బురదలో కూలబడ్డాడు. ఆమె కూడా గట్టెక్కి కూర్చుంది. ఎవరి బతుకు కోసం వట్టి కాళ్లతో అంత దూరం వచ్చిందో, ఆ బతుకును వాగులో కలవనిస్తుందా?

నేను పూజారికి కేకేశాను. ఆయనది పెద్ద గొంతు. "అయ్యా, ఆమెనే అడుగు! ఏం జెయ్యమంటదో ఆమెనే అడుగు!"

ఆయన వంగి విన్నాడు. చాలాసేపు విన్నాడు, ఆమె మాటకు మాటకు ఆగుతోంది కదా. "పొద్దున కూర్చున్న ఇంట్లోనే ఉంటదంట! నీళ్లు తీశాక వస్తదంట! కొడుకును వానలో ఉంచొద్దంటోంది, మొన్నే జ్వరం పడి లేచాడంట!"

గంగామణి కొంగు విప్పింది. "మందు ఎట్ల అన్న? మందు లేకుంటే ఆమెకు తెల్లారదు." మింగే మందు పొట్లాలు రెండే మిగిలాయి. ఊరివాడొకడు రాయికి కట్టి విసురుతానన్నాడు. వాగు వెడల్పు చూసి నాకే నమ్మకం కలగలేదు. గంగామణి చుట్టూ చూసింది. ఒక ఇంటి చూరుకు వడిసెల వేలాడుతోంది, చేలో పిట్టల్ని తోలడానికి రాయి పెట్టి తిప్పి విసిరే తాడు. "అది ఇయ్యుండ్రి" అంది. "మా అవ్వగారింట్ల జొన్నచేను కావలికి నేనే మంచె ఎక్కేదాన్ని."

ఒక పొట్లాన్ని రాయితో కలిపి బట్టముక్కలో కట్టింది. నీళ్లకు తడవకుండా ఆముదపాకు చుట్టింది. చీర దోపుకుంది, వడిసెల తిప్పింది, వదిలింది. అది అవతలి గట్టుకు కొంచెం ఇవతల నీళ్లలో పడింది. పోశెట్టి తల పట్టుకున్నాడు. "తడి తాడు, బరువైంది" అని తనలో తను గొణుక్కుంది గంగామణి. ఇక ఒక్కటే ఉంది. పోశెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"దాసన్న, నీ దేవునికి గూడ జెప్పే."

"ఎప్పుడో జెప్పిన అన్నా" అన్నాను. నిజంగానే చెప్పాను.

గంగామణి ఈసారి చిన్న రాయి ఏరుకుంది. ఎక్కువసేపు తిప్పింది. వదిలాక తను కళ్లు మూసుకుంది. పొట్లం పూజారి వెనక తుమ్మపొదలో పడింది. ఆయన వెతికి పైకెత్తి చూపించాడు. రాజవ్వ కోడలి వైపు చెయ్యి ఊపింది, పూజారి భుజం పట్టుకుని చెట్ల మధ్యకు పోయింది. గంగామణి అప్పుడు కూర్చుని భోరుమంది.

ఆ రాత్రి పల్లెలో మాకు అన్నం పెట్టారు. పోశెట్టి తినలేదు.

ఆ తర్వాతి రేవు

కొండవాగు ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తీస్తుంది. తెల్లవారేసరికి మోకాలి లోతుకు దిగింది. పూజారి, ఆయన తమ్ముడు చెరో చెయ్యి పట్టుకుని రాజవ్వను దాటించారు. మెల్లగా వచ్చింది, నడుమ ఆగి ఆగి వచ్చింది. గట్టెక్కగానే ముందు కోడలి తల నిమిరింది. తర్వాత కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది.

పోశెట్టి అంగీలోంచి తువ్వాల తీశాడు, విప్పాడు. చెప్పులు పొడిగా ఉన్నాయి. బురదలో కూర్చుని తల్లి పాదాలు తన తువ్వాలతో తుడిచాడు. మడమల పగుళ్లలో నెత్తురు ఎండి ఉంది. అది చూసి ఏడ్చాడు.

"ఊకో బిడ్డా, మొక్కు దీరింది" అంది రాజవ్వ. "ఇగ తొడుగుత, తే."

"కరుస్తయేమోనే అవ్వ."

"కరిస్తే కరువనీ" అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

లాంచి వచ్చింది. సేటు బల్లచెక్క మీద నిలబడి ఉన్నాడు. ఆమె ఎక్కుతుంటే రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ రోజు తర్వాత ఆయన చెప్పులు చూసి తాడు విప్పమన్నది నేను చూడలేదు. లోపలికి వెళ్లి, ఒక్కొక్క ముఖం చూసి, పేరు పిలిచేవాడు. చెప్పుల సూత్రం నాకు మాత్రం అట్లాగే ఉంది, కాకపోతే చెప్పును తిప్పి అడుగు చూడటం కూడా నేర్చుకున్నాను. మార్తా, మీ ఓడలో ఏ మిషన్లు ఉన్నాయో నాకు తెలియదు. ఏవి ఉన్నా ముఖం చూడు. నోరు తెరిచి మూసుకున్నవాళ్లను మరీ చూడు.

మధ్యాహ్నానికి ఇంకో రేవు వచ్చింది. చెక్క వేశారు. గుడి దగ్గరే, మెట్లు తక్కువ, నీళ్ల భయం లేదు. నేను వెళ్లి నిలబడ్డాను.

"ఈ రేవుల ఎవరెవరు దిగుతరు?"

అలవాటు కొద్దీ అందరూ పోశెట్టి వైపు చూశారు. అలవాటు కొద్దీ అతనూ నోరు తెరిచాడు. తెరిచినవాడు ఆగాడు. తల్లి దగ్గరికి పోయి ముందు కూర్చున్నాడు.

"అవ్వా, నువ్వు దిగుతవా, ఉంటవా?"

రాజవ్వ గుడి వైపు చూసింది, నీళ్ల వైపు చూసింది, కాళ్లకున్న కొత్త చెప్పులు చూసుకుంది. సరంగు కూత వేయకుండా ఆగాడు.

"నేను దిగ బిడ్డా" అంది చివరికి. "గీడ్నే కూసోని గోదారి జూస్త. నాకు గదే మంచిగున్నది."